రైలు దిగాక ఇంకెంత దూరం?

ప్రయాణాలు: మీరు అడిగినవి, మేం చెప్పేవి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే ప్రశ్న. విమానం దిగాక ఊళ్లోకి రైల్లో వెళ్లాలా, టాక్సీ మాట్లాడుకోవాలా? ఒకరు వైజాగ్ గురించి అడిగారు, ఒకరు ఢిల్లీ గురించి, ఒకరేమో లండన్ గురించి. అన్నిటికీ కలిపి ముందు ఒక మాట చెప్పి అప్పుడు ఒక్కొక్కటీ చూస్తాను.

మన శ్రీకాకుళం వాళ్లకి ఈ సంగతి ఒకరు నేర్పక్కర్లేదు. మన స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్, ఉన్నది ఆమదాలవలసలో. రైలు దిగి బయటికొస్తే శ్రీకాకుళం ఇంకా 13 కిలోమీటర్లు. రైల్వే వాళ్లు స్టేషన్ పేరు చివర రోడ్ అని పెట్టారంటే ఊరు ఇక్కడ లేదు, ఇక్కణ్ణుంచి రోడ్డు పట్టుకుని వెళ్లాలి అని బోర్డు మీదే రాసి చెప్పినట్టు. విజయనగరం అలా కాదు. స్టేషన్ బయటికి రాగానే పైడితల్లమ్మ వనం గుడి, అక్కణ్ణుంచి ఆర్టీసీ బస్టాండు కాంప్లెక్స్‌కి, మూడు లాంతర్ల కూడలికి ఆటోలో ఎంతసేపు. అందుకని ఏ విమానాశ్రయం గురించి ఎవరు అడిగినా నేను రైలు టికెట్ ఎంత, టాక్సీ ఎంత అని మొదట చూడను. ఆ రైలు మనల్ని విజయనగరంలో దింపినట్టు దింపుతుందా, శ్రీకాకుళం రోడ్‌లో దింపినట్టు దింపుతుందా, అది చూస్తాను.

ప్రశ్న: మాస్టారూ, మాది గార దగ్గర పల్లె. మా అమ్మాయి హైదరాబాద్ నుంచి నాలుగు నెలల బాబుతో పుట్టింటికి వస్తోంది, అల్లుడికి సెలవు దొరకలేదు. విమానం రాత్రి 9.40కి వైజాగ్‌లో దిగుతుంది. మా ఆయన రైలెక్కి వచ్చెయ్యమంటున్నారు, శ్రీకాకుళం రోడ్‌కి ఆయన బండి మీద వెళ్లి తెస్తారట. నాకు టెన్షన్‌గా ఉంది. టాక్సీకి చాలా అవుతుందంటున్నారు. ఏటి చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీ టెన్షన్‌లో అర్థం ఉంది. ఆ రాత్రి అమ్మాయి చేతిలో బాబుతో ఎన్నిసార్లు ఎక్కి దిగాలో ఒకసారి లెక్క వేసుకుందాం. 9.40కి విమానం దిగితే సామాను బెల్టు మీద వచ్చేసరికి 10 దాటుతుంది. విమానాశ్రయం ఎన్‌ఏడీ కూడలికి, గాజువాకకి మధ్య హైవే మీద ఉంది, దాని లోపల రైల్వే స్టేషన్ లేదు. కాబట్టి రైలే ఎక్కాలన్నా ముందు ఒక క్యాబో ఆటోనో పట్టుకుని ఎన్‌ఏడీ, కంచరపాలెం మీదుగా వైజాగ్ స్టేషన్‌కి రావాలి. స్టేషన్‌లో ప్లాట్‌ఫారం వెతుక్కోవాలి. ఆ టైములో మన వైపు వచ్చేవి ఎక్కువగా దూరం నుంచి వచ్చే బళ్లు, గంట ఆలస్యమైతే ఆ గంట బాబుతో బెంచీ మీద కూర్చోవాలి. ఎక్కాక శ్రీకాకుళం రోడ్‌కి రెండు గంటలు. అంటే దిగేసరికి అర్ధరాత్రి దాటిపోయి ఒంటిగంటో రెండో అవుతుంది. అప్పుడు మీ ఆయన బండి. వెనక అమ్మాయి, ఒళ్లో నాలుగు నెలల పసివాడు, ఓ సూట్‌కేసు, ఆమదాలవలస నుంచి శ్రీకాకుళం దాటి గార వైపు ఆ చలిగాలిలో. వద్దమ్మా. ఇందులో ఆదా అయ్యే డబ్బు ఈ కష్టానికి సరిపోదు.

టాక్సీయే పెట్టించండి. కానీ విమానాశ్రయం బయట నిలబడి ఆ రాత్రి బేరమాడేది వద్దు. శ్రీకాకుళం నుంచే మీకు తెలిసిన డ్రైవర్‌ని ముందు రోజే మాట్లాడి పంపండి, కుదిరితే ఆ బండిలో మీరే వెళ్లండి. మీరు ఎదురెళ్తే అమ్మాయికి సగం బరువు దిగిపోతుంది, వెనక సీట్లో బాబుని ఎత్తుకునే చెయ్యి ఇంకోటి ఉంటుంది. వచ్చేటప్పుడు నగరం మధ్య నుంచి కాకుండా గోపాలపట్నం, పెందుర్తి మీదుగా ఆనందపురం వెళ్లే ఆరు వరసల రోడ్డు పట్టుకుంటే సిగ్నళ్ల బాధ తక్కువ. ఆనందపురం దగ్గర మళ్లీ మన హైవే కలుస్తుంది, అక్కణ్ణుంచి తగరపువలస, భోగాపురం, రణస్థలం, ఎచ్చెర్ల. రెండు గంటలు, కాస్త అటూ ఇటూ. డ్రైవర్‌ని ఒక్కటి అడగండి, ఆ పగలంతా ఎక్కడైనా కిరాయికి తిరిగి వచ్చాడా అని. తిరిగి ఉంటే ఇంకొకర్ని చూసుకోండి. రాత్రి పదకొండు తర్వాత ఆ రోడ్డు మీద లారీల వెనక నిద్ర కళ్లతో నడిపే మనిషి దగ్గర పసిబిడ్డని కూర్చోబెట్టకూడదు. దారిలో టీకి ఆగుతానంటే వద్దనకండి, ఆగనివ్వండి.

ఇదే అమ్మాయి పగటి విమానానికి వస్తే నా జవాబు వేరు. విమానాశ్రయం నుంచి క్యాబ్‌లో ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వచ్చి శ్రీకాకుళం నాన్‌స్టాప్ ఎక్కమంటాను. బస్సు తిన్నగా మన కాంప్లెక్స్‌లోకే వస్తుంది, ఆమదాలవలస బెడద లేదు. రైలా టాక్సీయా అని అడిగేవాళ్లు ఈ మూడో దారిని మర్చిపోతుంటారు. మన రెండు జిల్లాలకీ పగటిపూట వైజాగ్ నుంచి బస్సు చాలా మంచి దారి. ఆడవాళ్లకి ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు బస్సుల్లో టికెట్ లేకుండా వెళ్లే స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15 నుంచి ఉంది, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చేతిలో ఉంచుకోవాలి. నాన్‌స్టాప్‌కి అది వర్తించదు, టికెట్ కొనాలి. చంటిబిడ్డతో ఉన్నప్పుడు మాత్రం కొనే ఎక్కమంటాను, ఎక్స్‌ప్రెస్‌లో ఆ తోపులాట పడలేరు.

మీది విజయనగరం అయ్యుంటే, పగలు, బిడ్డ లేకుండా, రైలు ఎక్కమని కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. వైజాగ్ నుంచి గంట ప్రయాణం, దిగితే ఊళ్లోనే ఉంటారు.

ఇంకొకటి, ఇది మీకే కాదు, రైలు టికెట్ ముందే కొనేసిన అందరికీ. మన వైపు వచ్చే బళ్లలో కొన్ని వైజాగ్ స్టేషన్‌లోకి రావు. వైజాగ్‌లోకి వస్తే ఇంజన్ అటు నుంచి ఇటు మార్చి మళ్లీ వెనక్కి తిరగాలి కాబట్టి, ఆ పని లేకుండా దువ్వాడలో ఆగి పక్క నుంచి వెళ్లిపోతాయి. దువ్వాడ గాజువాక దాటాక, అంటే విమానాశ్రయం నుంచి వైజాగ్ స్టేషన్‌కి పూర్తిగా ఎదురు దిక్కు. టికెట్ మీద ఎక్కే స్టేషన్ పేరు చూసుకోకుండా క్యాబ్ ఎక్కేసి, వైజాగ్ స్టేషన్ మెట్ల మీద నిలబడి ఫోన్ చేసినవాళ్లు నాకు తెలుసు. అప్పుడిక ఎవరూ చెయ్యగలిగింది ఉండదు.

ప్రశ్న: సార్, నెల్లిమర్ల నుంచి రాస్తున్నాను. ఢిల్లీలో లోధీ రోడ్ దగ్గర ఇంటర్వ్యూ ఉంది, అంతకు ముందు రోజు రాత్రికి చేరుకుంటాను. పహాడ్‌గంజ్‌లో రూము బుక్ చేశాను, చవగ్గా ఉందని. ఎయిర్‌పోర్ట్ మెట్రో 20 నిమిషాల్లో న్యూఢిల్లీ స్టేషన్‌కి తీసుకెళ్తుందట కదా, టాక్సీ అవసరమే లేదంటున్నారు. నిజమేనా? హిందీ అంతంత మాత్రం.

జవాబు: బాబూ, 20 నిమిషాల మాట నిజమే. ఆ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైను 2011లో మొదలైంది, మన దేశంలో విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఇంత చక్కగా తీసుకెళ్లే రైలు మరోటి చూపించమంటే నేను కాస్త ఆలోచించాలి. ఏరోసిటీ, ధౌలా కువా, శివాజీ స్టేడియం, ఆ తర్వాత న్యూఢిల్లీ. అంతే స్టేషన్లు. టాక్సీ ఎక్కితే ధౌలా కువా దగ్గరే 20 నిమిషాలు నిలబడిపోవచ్చు.

కానీ మూడు సంగతులు చూసుకో. నీ విమానం ఏ టెర్మినల్‌లో దిగుతుంది? ఈ లైను ఉన్నది టెర్మినల్ 3 దగ్గర, రెండో టెర్మినల్ నుంచి కూడా నడిచి రావచ్చు. టెర్మినల్ 1లో దిగితే అది అక్కడ లేదు, అక్కడుండేది మెజెంటా లైను మెట్రో, దానిలో హౌజ్ ఖాస్ వెళ్లి ఎల్లో లైనుకి మారాలి. ఇదీ మంచిదే, కాకపోతే వేరే దారి, అది తెలియకుండా ఎక్స్‌ప్రెస్ కోసం వెతికితే అరగంట పోతుంది. టికెట్ మీద టి1 అనో టి3 అనో ఉంటుంది, ఈరోజే చూసుకో.

రెండోది టైము. చివరి రైలు రాత్రి పదకొండున్నర ప్రాంతంలో వెళ్లిపోతుంది. నీ విమానం పదిలోపు దిగేదైతే మెట్రో ఎక్కు. పదకొండుకి దిగేదైతే దాని మీద ఆశ పెట్టుకోకు.

మూడోది ఎవరూ చెప్పనిది. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీలో దింపేది అజ్మేరీ గేట్ వైపు. నీ రూము ఉన్న పహాడ్‌గంజ్ స్టేషన్‌కి అవతలి వైపు. మ్యాపులో చూస్తే రెండూ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి, మధ్యలో ఉన్నది న్యూఢిల్లీ రైల్వే స్టేషన్, 16 ప్లాట్‌ఫారాల మీదుగా వంతెన ఎక్కి దాటాలి. రాత్రి పూట బ్యాగు పట్టుకుని ఆ వంతెన మీద కాస్త ఇటూ అటూ చూశావంటే చాలు, నీకు ఊరు కొత్తని తెలిసిపోతుంది. నీ హోటల్ మూసేశారు, అటు గొడవలు జరుగుతున్నాయి, మంచి రూము చూపిస్తాను రా అని ఒకడు హిందీలో మొదలుపెడతాడు, రెండోవాడు అవును నిజమే అంటాడు. ఎవరు ఏం చెప్పినా నడుస్తూనే ఉండు, ఆగకు. హోటల్ నంబరు ఫోన్‌లో పెట్టుకుని నువ్వే చేసి అడుగు, వాళ్లు కలిపి ఇచ్చిన ఫోన్‌లో మాట్లాడకు. ఆ ఇరవై నిమిషాల రైలు ఎంత హాయిగా ఉంటుందో ఆ తర్వాతి ఇరవై నిమిషాలు అంత చికాకు.

నన్నడిగితే రూమే మార్చు. ఇంటర్వ్యూ లోధీ రోడ్‌లో అయితే పహాడ్‌గంజ్ ఎందుకు? జవాహర్‌లాల్ నెహ్రూ స్టేడియం మెట్రో స్టేషన్‌కో, లజ్‌పత్‌నగర్‌కో దగ్గర్లో చూసుకో, అయిదారు వందలు ఎక్కువైనా పొద్దున్న ఇంటర్వ్యూకి ప్రశాంతంగా వెళ్తావు.

టాక్సీయే ఎక్కాల్సి వస్తే విమానాశ్రయంలో ప్రీపెయిడ్ కౌంటర్ దగ్గర డబ్బు కట్టి రసీదు తీసుకో. ఆ రసీదు నీ జేబులో ఉండాలి. డ్రైవర్ ఆ కాగితం చూపించి తన డబ్బు తీసుకుంటాడు కాబట్టి దిగాల్సిన గుమ్మం ముందు దిగి, సామాను కిందికి దించుకున్నాకే అతని చేతికివ్వాలి. చాలా ఏళ్ల కిందట, జనవరి పొగమంచులో, మధ్య దారిలో డ్రైవర్ అడిగితే ఇచ్చేశాను. ఓ కూడలి దగ్గర ఆపి, ఇక్కణ్ణుంచి దగ్గరే, నడిచి వెళ్లండన్నాడు. పది అడుగుల అవతల ఏముందో కనిపించని మంచు, మా అమ్మ చేతిలో స్వెట్టర్ల సంచి. ఆ రోజు ఆవిడ పట్టుకున్న నా మోచెయ్యి ఇప్పటికీ గుర్తుంది. అందుకే అడిగిన ప్రతి ఒక్కరికీ ఈ మాట చెప్తాను.

ఇంటర్వ్యూ అయ్యాక ఆకలేస్తే అశోకా రోడ్‌లో ఆంధ్రా భవన్ ఉంది. మన అన్నం దొరుకుతుంది.

ప్రశ్న: మాది బొబ్బిలి. మా అమ్మాయి లండన్‌లో ఇల్ఫోర్డ్ అనే చోట ఉంటోంది, నేనూ మా ఆవిడా మొదటిసారి వెళ్తున్నాం. నాకు 68, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. అమ్మాయికి ఆ రోజు డ్యూటీ, విమానాశ్రయానికి రాలేదు. హీత్రో ఎక్స్‌ప్రెస్ 15 నిమిషాల్లో ఊళ్లోకి తెస్తుందని తెలిసినవాళ్లు చెప్పారు. అంత త్వరగా వస్తుంటే అదే ఎక్కుదామా?

జవాబు: అయ్యా, హీత్రో ఎక్స్‌ప్రెస్ నిజంగానే 15 నిమిషాల్లో తెస్తుంది. ఎక్కడికి? పాడింగ్టన్‌కి. అది లండన్‌కి పడమటి వైపు. మీ అమ్మాయి ఉండే ఇల్ఫోర్డ్ తూర్పు కొస. అచ్చంగా మన శ్రీకాకుళం రోడ్ కథే, పేరుకి ఊరు వచ్చినట్టే, కానీ మీరు వెళ్లాల్సిన చోటు ఇంకా అవతలే ఉంది. ఆ 15 నిమిషాలకి టికెట్టు కూడా మిగతా రైళ్ల కంటే బాగా ఎక్కువ.

మీకు సరిపోయే రైలు ఎలిజబెత్ లైను. 2022 మే నెలలో మొదలైంది. హీత్రోలో ఎక్కితే నగరం కింద సొరంగంలోంచి తూర్పు వైపుకి వెళ్తుంది, ఇల్ఫోర్డ్ ఆ లైను మీదే ఉంది. కొన్ని రైళ్లు తిన్నగా అటే వెళ్తాయి, కొన్నిటికి మధ్యలో వైట్‌చాపెల్ దగ్గర ఒకసారి మారాలి. పాత పికడిల్లీ లైను కూడా ఉంది, చవక, కానీ ఇల్ఫోర్డ్ దాని మీద లేదు, ఊళ్లో మళ్లీ మారాలి. ఆ రైలు పెట్టె సైజు చిన్నది, పెద్ద సూట్‌కేసులతో వెళ్లేవాళ్లకి ఇబ్బంది. మీకు వద్దు.

అయితే ఇక్కడ నేను మిమ్మల్నే ఒకటి అడగాలి. మీ ఇద్దరి చేతుల్లో ఎన్ని సూట్‌కేసులు ఉంటాయి? అమ్మాయి దగ్గరికి మొదటిసారి వెళ్తున్న బొబ్బిలి అమ్మానాన్నల సంగతి నాకు తెలీదా. మనిషికి 23 కిలోలవి ఒకటో రెండో, అందులో ఆవకాయ డబ్బాలు, కందిపొడి, కొత్త చీరలు, ఇంకా చేతి సంచులు. రాత్రంతా విమానంలో కూర్చుని కాళ్లు వాచి దిగుతారు. ఆ పరిస్థితిలో మోకాళ్ల నొప్పులున్న మనిషి సామానుతో కొత్త దేశంలో రైలు మారడం నాకు ఇష్టం లేదు. లిఫ్టులు ఉన్నాయి, నిజమే. కానీ లిఫ్టు ఎక్కడుందో వెతకాలి కదా.

అందుకని మొదటిసారి వెళ్లేటప్పుడు కారే. అమ్మాయినే అక్కడి నుంచి మినీక్యాబ్ బుక్ చెయ్యమనండి. ఆ దేశంలో మినీక్యాబ్‌లు ముందే బుక్ చేసినవాళ్లనే ఎక్కించుకోవాలని చట్టం, కాబట్టి లోపల నడుస్తుంటే ఎవరైనా దగ్గరికొచ్చి టాక్సీ కావాలా అంటే ఎక్కకండి. నల్ల టాక్సీలు వేరు, వాటికి లైను ఉంటుంది, మీటరు ఉంటుంది, కాకపోతే ఇల్ఫోర్డ్ దాకా చాలా అవుతుంది. కారులో గంటన్నర పట్టొచ్చు, ఇంకా ఎక్కువ కూడా. ఎక్కువసేపు పట్టినా మీరు కూర్చునే ఉంటారు, ఇంటి గుమ్మం దగ్గరే దిగుతారు. విమానం టికెట్ తీసుకునేటప్పుడే ఆవిడకి వీల్‌చైర్ కావాలని చెప్పండి, దానికి డబ్బు తీసుకోరు. తోసే మనిషే ఇమిగ్రేషన్ దాటించి, బెల్టు దగ్గర సామాను దించి బయట దాకా తీసుకొస్తాడు.

తిరుగు ప్రయాణంలో మాత్రం ఎలిజబెత్ లైనే ఎక్కండి. అప్పటికి ఊరు అలవాటవుతుంది, ఆవకాయ బరువు తగ్గుతుంది, అమ్మాయి పక్కనుంటుంది. టికెట్ కొనక్కర్లేదు, బ్యాంకు కార్డు గేటు మీద తాకిస్తే చాలు. కానీ ఒక్కొక్కరికీ ఒక్కో కార్డు ఉండాలి, మీ కార్డుతో మీరు లోపలికెళ్లి అదే కార్డుతో ఆవిణ్ణి కూడా పంపడం కుదరదు. ఎక్కేటప్పుడు ఏ కార్డు తాకించారో దిగేటప్పుడూ అదే తాకించాలి. మన కార్డులు విదేశాల్లో పనిచెయ్యాలంటే బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో ఆ వాడకం ఆన్ చేసుకోవాలి, 2020 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులకి అది మూసే ఇస్తున్నారు. బొబ్బిలిలోనే బ్యాంకుకి వెళ్లి ఆ పని చేయించుకోండి.

ప్రశ్న: చీపురుపల్లి నుంచి. శంషాబాద్‌లో దిగి కూకట్‌పల్లి వెళ్లాలి. మెట్రో ఉందా?

జవాబు: మెట్రో కూకట్‌పల్లిలో ఉంది, శంషాబాద్ విమానాశ్రయంలో లేదు. ఉందానగర్ దాకా ఎంఎంటీఎస్ లోకల్ రైలు వస్తుంది కానీ ఆ స్టేషన్ విమానాశ్రయానికి కొన్ని కిలోమీటర్ల అవతల, దానికోసం మళ్లీ ఆటో. ఒంటరిగా, ఒక బ్యాగుతో ఉంటే విమానాశ్రయం నుంచి నడిచే ఆర్టీసీ పుష్పక్ బస్సు ఎక్కండి, కూకట్‌పల్లి వైపు వెళ్తుంది, సామాను పెట్టుకోడానికి చోటుంటుంది. ముగ్గురో నలుగురో కలిసి వెళ్తుంటే క్యాబ్ డబ్బు పంచుకోవడమే మేలు.

ప్రశ్న: మాస్టారూ, మాది సోంపేట దగ్గర. నాన్నకి కిడ్నీ జబ్బు. చెన్నైలో పెద్ద డాక్టరుకి చూపించడానికి తీసుకెళ్తున్నాను, రైల్లో ఆయన అంతసేపు కూర్చోలేరని విమానం టికెట్లు తీశాం. ఆసుపత్రి గ్రీమ్స్ రోడ్ వైపు. మెట్రో ఆ పక్కనుంచే వెళ్తుందట. మందులకే చాలా అవుతోంది, టాక్సీ డబ్బులు మిగులుతాయేమోనని అడుగుతున్నాను.

జవాబు: తమ్ముడూ, ఉద్దానంలో ఈ జబ్బుతో ఎన్ని ఇళ్లు నలిగిపోతున్నాయో మన వాళ్లందరికీ తెలుసు. డబ్బు మిగుల్చుకోవాలనుకోవడం తప్పు కాదు, ఎక్కడ మిగుల్చుకోవాలో చెప్తాను.

చెన్నైలో మెట్రో విమానాశ్రయం నుంచే మొదలవుతుంది, బ్లూ లైను. గిండీ, సైదాపేట, తేనాంపేట దాటుకుంటూ థౌజండ్ లైట్స్ స్టేషన్‌కి వస్తుంది, గ్రీమ్స్ రోడ్డుకి దగ్గర స్టేషన్ అదే. ఏసీ, లిఫ్టులు, శుభ్రం, అన్నీ బాగుంటాయి. రోడ్డుకి అవతల తిరుశూలంలో లోకల్ రైలు కూడా ఉంది, ఇంకా చవక, కానీ అది ఈ పక్కకి రాదు, ఎగ్మూరు వైపు వెళ్తుంది.

నాన్నగారితో దిగిన రోజు మాత్రం టాక్సీ ఎక్కు. మెట్రో ఎంత బాగున్నా విమానం దగ్గర్నుంచి స్టేషన్‌కి నడక ఉంది, దిగాక పైకొచ్చి ఆ ఎండలో మళ్లీ ఆటో మాట్లాడాలి. ఆరోగ్యంగా ఉన్నవాడికి అది ఆరేడు నిమిషాలు. ఒంట్లో నీరు చేరి ఆయాసపడే మనిషికి అది పెద్ద దూరం, మధ్యలో కూర్చుంటానంటే కూర్చోడానికి చోటు ఉండదు. విమానంలో వీల్‌చైర్ అడుగు, ఆ వీల్‌చైర్ మీదనే టాక్సీ తలుపు దాకా వస్తారు.

ఆ తర్వాత రోజుల్లో నువ్వొక్కడివే పరీక్షల కాగితాలకనో మందులకనో తిరగాల్సి వస్తుంది కదా, అప్పుడు మెట్రో. మళ్లీ విమానం టికెట్ మార్చడానికో, ఊరి నుంచి ఇంకొకరు వస్తే తీసుకురావడానికో విమానాశ్రయానికి వెళ్లాలన్నా మెట్రో. పదిసార్లు తిరిగితే అక్కడ మిగులుతుంది డబ్బు. బస కూడా బ్లూ లైను మీద రెండు మూడు స్టేషన్ల అవతల చూసుకుంటే ఆసుపత్రి పక్కన అడిగే అద్దె కంటే తక్కువకి దొరకొచ్చు. నాన్నగారికి నయమవ్వాలి. ఎలా ఉన్నారో మళ్లీ ఒక కార్డు ముక్క రాయి.

ప్రశ్న: కంచిలి నుంచి. వెల్డర్‌గా సింగపూర్ వెళ్తున్నాను, మొదటిసారి. విమానం రాత్రి 11.50కి దిగుతుంది. కంపెనీ రూములు టువాస్‌లో అని ఏజెంటు చెప్పాడు, నువ్వే రైలెక్కి వచ్చెయ్ అన్నాడు. వెళ్లగలనా?

జవాబు: పగలైతే వెళ్లగలవు. చాంగి విమానాశ్రయంలో మెట్రో స్టేషన్ ఉంది, రెండో స్టాపు, తనా మేరా అనే చోట దిగి పడమటి వైపు వెళ్లే రైలు ఎక్కితే అదే లైను చివర టువాస్. కానీ చాంగి ఆ దేశానికి తూర్పు కొస, టువాస్ పడమటి కొస, మొత్తం సింగపూర్‌ని ఇటు నుంచి అటు దాటాలి. నీ విమానం దిగి బయటికొచ్చేసరికి ఆఖరి రైలు వెళ్లిపోయి ఉంటుంది. టాక్సీ ఎక్కితే అర్ధరాత్రి 12 నుంచి పొద్దున్న 6 దాకా మీటరు మీద సగం అదనం, విమానాశ్రయం నుంచి ఎక్కినందుకు ఇంకొంత. చేతిలో ఉన్నది మొదటి రాత్రే అయిపోతుంది.

కాబట్టి బయల్దేరే ముందే అడగాల్సింది ఏజెంటుని కాదు, కంపెనీని. నీకు వచ్చిన ఐపీఏ, అంటే పని అనుమతికి ముందుగా ఒప్పుకున్నట్టు సింగపూర్ వాళ్లు ఇచ్చే కాగితం మీద కంపెనీ పేరు ఉంటుంది. ఆ రాత్రి ఎవరు వస్తారు, వాళ్ల ఫోన్ నంబరు ఏంటి, ఏ గేటు దగ్గర నిలబడాలి అని రాసి పంపమను, మెసేజీ రూపంలోనే. నోటి మాటగా వద్దు. ఎవరూ రారని తేలితే టెర్మినల్‌లోనే కూర్చుని తెల్లవారి మొదటి రైలు ఎక్కు. అక్కడ నీళ్లు ఉచితం, బాత్రూములు శుభ్రం. రూము అడ్రసు ఇంగ్లిషులో కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టుకో, ఫోన్ చార్జింగ్ అయిపోయినా అది ఉంటుంది. చేరాక ముందు అమ్మకి ఫోన్ చెయ్యి.

ప్రశ్న: మాది విజయనగరం. భోగాపురం విమానాశ్రయం నుంచి శ్రీకాకుళానికి, విజయనగరానికి రైలు పెడతారా? పెట్టకపోతే ఎలా?

జవాబు: భోగాపురం హైవే పక్కన ఉంది, రైలు పట్టాలు విజయనగరం మీదుగా వెళ్తున్నాయి. ఈ రెండిటికీ మధ్య పాతిక కిలోమీటర్లు. విజయనగరం వాళ్లకి నాతవలస దగ్గర తిరిగితే పాతిక కిలోమీటర్ల రోడ్డు, దానికి రైలు ఎందుకు? శ్రీకాకుళం వాళ్లయితే విజయనగరం వెళ్లి రైలెక్కి ఆమదాలవలసలో దిగి మళ్లీ ఆటో ఎక్కే పని పెట్టుకోవద్దు, హైవే మీద తిన్నగా వెళ్లిపోవచ్చు. మనకి కావాల్సింది రైలు కాదు, విమానాల టైములకి సరిపడే ఆర్టీసీ బస్సులు, రాత్రి విమానానికి కూడా. రెండు కాంప్లెక్స్‌ల దాకా రావాలి, పలాస, పార్వతీపురం వైపు కూడా వెళ్లాలి. ఇది అందరం గట్టిగా అడగాలి. వైజాగ్ విమానాశ్రయం నుంచి మన జిల్లాలకి తిన్నగా బస్సు లేక ఇన్నేళ్లు పడ్డ బాధ మళ్లీ అక్కడా పడకూడదు.

ప్రశ్న: సార్, ఎచ్చెర్ల దగ్గర కారు నడుపుతాను, సొంత బండి. మీరు ప్రతిసారీ టాక్సీ వాళ్లు ఎక్కువ అడుగుతారని రాస్తారు. వైజాగ్ నుంచి ఒకరిని తెస్తే వెళ్లేటప్పుడు ఖాళీగా వెళ్తాం. విమానం రెండు గంటలు లేటయితే పార్కింగ్‌లో పడి ఉంటాం. అది మీరు రాయరేం?

జవాబు: రాయాల్సిందే బాబూ, రాయలేదు, తప్పు నాదే. చదివేవాళ్లు ఇది చూడండి. శ్రీకాకుళం నుంచి బండి విమానాశ్రయానికి వెళ్లి రావాలంటే చిలకపాలెం, నాతవలస దగ్గర టోల్ రెండు వైపులా కట్టాలి. 24 గంటల్లోపు తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒకవైపు టోల్‌కి ఒకటిన్నర రెట్లు, అయినా అది కిరాయిలోంచే పోవాలి. డీజిల్ ఖాళీ బండికీ కాలుతుంది. ఇతను అడిగే అప్ అండ్ డౌన్ చార్జీ అందుకే.

అందుకని బండి మాట్లాడుకునేటప్పుడు ఎంత అని ఒక్క మాట అడిగి పెట్టెయ్యకండి. టోల్ అందులో ఉందా, పార్కింగ్ ఎవరిది, విమానం లేటయితే గంటకి వెయిటింగ్ ఎంత, రాత్రి బత్తా ఉందా, ఇవన్నీ ఫోన్‌లోనే తేల్చుకుని మెసేజీ పెట్టుకోండి. విమానం నంబరు డ్రైవర్‌కి ఇవ్వండి, అతను ఫోన్‌లో చూసుకుని ఎంత లేటో తెలుసుకుని ఆ లెక్కన బయల్దేరతాడు. మీ వాళ్లని దింపడానికి వెళ్లే బండీ, ఇంకొకరిని తెచ్చే బండీ ఒక్కటే అయితే ఇద్దరికీ ఖర్చు సగమవుతుంది, మీ వీధిలోనో చుట్టాల్లోనో అదే రోజు ఎవరైనా వస్తున్నారేమో అడిగి చూడండి. బాబూ, నువ్వు కూడా ఖాళీగా వెళ్లే రోజు నీ వాట్సాప్ స్టేటస్‌లో రేపు ఇన్నింటికి వైజాగ్ విమానాశ్రయానికి ఖాళీగా వెళ్తున్నాను అని పెట్టు. శ్రీకాకుళంలో పొద్దున్న విమానానికి బండి కోసం వెతికేవాళ్లు తక్కువ లేరు.